మూడు జెండా పండుగలు, తెలియని చరిత్ర



మా యానాంలో ఆగస్టు 15వ తేదీన దేశమంతటితోబాటు జెండా ఎగరవేస్తాము. మరునాడు 16న మరల ఎగరవేస్తాము. నవంబరు 1న మూడవసారి. ఎందువల్లనని బడిపిల్లవాణ్ణి అడిగితే, "ఆ రోజు సెలవండీ" అంటాడు. తప్పు వాడిది కాదు. వాడికి చెప్పినవారు లేరు.

సంగతి యిది. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తకస్థానం పెట్టి, నాలుగేండ్లకే ఎత్తివేసి, 1731లో తిరిగి వచ్చారు. గౌతమి నుండి కోరంగి పాయ చీలే చోటు గనుక ఓడ వర్తకానికి అనువు. దగ్గరలోని ఇంజరంలో ఇంగ్లీషువారుండేవారు. ఆ రెండు జాతులకు యుద్ధం వస్తే మా ఊరు చేతులు మారేది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వాన యానాం విముక్తి పొందింది. ఆ నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం వ్రాసుకొన్నా, చట్టరీత్యా విలీనమయింది 1962 ఆగస్టు 16న. మూడు జెండాల కథ యింతే.

నేను చదువుకొన్న కాలంలో మా చేతికి వచ్చినవి ఆంధ్ర పాఠ్యపుస్తకాలు. వాటిలో యానాం లేదు. పుదుచ్చేరిలో వ్రాసే చరిత్ర అరవంలో ఉంటుంది, మాకు రాదు. ఇరువురు చుట్టాల మధ్య పస్తున్న బిడ్డ సామెతగా ఉంది మా చరిత్ర.

ఇప్పుడు ఊరికి వచ్చేవారు ఒబెలిస్క్ టవరు, గోదావరి గట్టున భరతమాత విగ్రహం చూచి, ఫోటోలు తీసుకొని పోతున్నారు. మంచిదే. కాని 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న కోవెల, సుంకంలేని విదేశీ సరుకు కోసం ఇంగ్లీషు సీమవారు ఎగబడిన మంగళవారం సంత, ఇవి ఎవరు చెప్పాలి?

పరాయి ప్రభుత్వపు గురుతులు మనకెందుకని కొందరంటారు. చరిత్ర వ్రాయడం పొగడడం కాదు గదా! 1929లో శారదా చట్టం వచ్చాక, అది వర్తించని చోటని బ్రిటిషు ఆంధ్రం నుండి పసిపిల్లల్ని తెచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. అందుకే కల్యాణపురమన్న పేరు. అదీ పిల్లలకు తెలియాలి. తెలియకపోతే పరాయివారితోబాటు వారిని సాగనంపినవారూ మరుగున పడతారు.

నేను కోరేవి రెండే. పాత స్థలాల వద్ద తెలుగులో, సంవత్సరంతో సహా రాతిపలకలు పెట్టాలి. ఆరవ తరగతి పిల్లలకు ముప్పది పుటల తెలుగు పుస్తకం ఉచితంగా ఇవ్వాలి. ఒక టవరుకయ్యే ఖర్చులో ఇది దీపాల కరెంటు పాటి కాదు. ఈ విషయమై ఒక కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టుకొన్నాను. "పరిశీలనలో ఉన్నది" అని జవాబు. ముప్పది యేండ్లు ఆ మాట నా చేత్తోనే వ్రాశాను గనుక దాని అర్థం నాకు తెలియనిది కాదు.

అందుకే మీ పత్రిక ద్వారా పాఠకులకే మనవి చేస్తున్నాను. 1954 నాటి ఊరేగింపుల్లో నడిచినవారు ఇంకా ఎవరైనా ఉంటే, వారికి తొంభై యేండ్లు దాటుతున్నవి. ప్రభుత్వం పరిశీలిస్తూ ఉండగానే, వారి వద్ద కూర్చుని విన్నది వ్రాసి పెట్టుకొనే పని మన ఇండ్లలో మనమే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

యానాం
— ఒక విశ్రాంత గుమాస్తా