వయసు అడ్డు పోయింది, దారి చెప్పండి

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

నేను ఉట్నూరులో నర్సును. ఇంటర్ బైపీసీలో ఫిజిక్స్ తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాను. బయాలజీలో మాత్రం మంచి మార్కులే. డాక్టర్ చదువుకు రాసే ప్రవేశ పరీక్ష నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితి 2022లోనే తీసేశారు. ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో నిబంధనల ప్రకారం పాసైతే అర్హతే. ఆపై సీటు తేల్చేది నీట్ ర్యాంకు. ఈ సంగతి మా దగ్గర ఎందరికి తెలుసు? "ముప్పై దాటినంక డాక్టర్ చదువేంది బిడ్డా" అంటది మా అమ్మ. (నైట్ డ్యూటీలో పుస్తకం తెరిస్తే ఆమే చాయ్ పంపుతది.)

మా ఆదిలాబాద్ రిమ్స్ వైద్య కళాశాలలో 2008 నుంచి ఎంబీబీఎస్ ఉంది. కౌన్సెలింగ్‌కు ముందు అక్కడ రెండు రోజులు సహాయ కేంద్రం పెట్టండి. చదువు మధ్యలో ఆగినవాళ్లు ఏ సర్టిఫికెట్లు తేవాలో తెలుగులో రాసి గోడకు అంటించండి.

ఇట్లు,
ఉట్నూరు నర్సు