చెప్పినంత వేగం

నలోపాఖ్యానంలో బాహుకుడు రథం తోలుతుండగా ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయం జారి పడుతుంది. రథాన్ని నిలుపుమని ఆయన అనేలోగానే అది ఆమడ దూరం వెనుకబడిపోతుంది. ఈ ఘట్టాన్ని ఇన్నేళ్ళుగా తరగతిలో చెబుతూనే ఉన్నాను. అయినా రథమెక్కినవాని గుండె ఆ క్షణాన ఎలా కొట్టుకొని ఉంటుందో నాకు తెలిసింది మాత్రం అమెరికాలో, అదీ టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి దూరంగా పొలాల నడుమ వేసిన ఒక సిమెంటు బాట పక్కన నిలుచున్నప్పుడు.

అక్కడ మా మేనల్లుడు కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. అతని గ్యారేజీలో 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు ఒకటి ఉంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, కార్బురేటరు, గట్టిగా మూస్తే తప్ప పడని తలుపులు దాని సొత్తు. నాకంటె వయసులో పెద్దదైన ఆ కారును తీసుకొని ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. కార్ల పందెమనగానే నా మనసు విముఖమైందని దాచను. వేగమే గొప్పతనమనుకొనే వారి వినోదం మనకెందుకని అన్నాను. "మామయ్యా, ఇది వేగం పందెం కాదు, మాట పందెం" అన్నాడతడు. ఆ మాట అప్పుడు నాకు బోధపడలేదు.

డ్రాగ్ రేసు అంటే తిన్నని బాటపై రెండు కార్లు పక్కపక్కన నిలిచి పావుమైలు దూరం, అనగా 1,320 అడుగులు పరుగెత్తడం. మలుపులుండవు, రెండో చుట్టు ఉండదు. పదిపదిహేను సెకన్లలో ముగిసిపోతుంది. అయితే ఔత్సాహికుల కోసం ఏర్పడిన 'బ్రాకెట్' పద్ధతిలో ఒక విశేషముంది. బరిలో దిగే ముందు ప్రతివాడూ తన కారు ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటగలదో తానే నిర్ణయించి, బూట్లకు వేసే తెల్లపాలిషుతో అద్దం మీద వ్రాసుకోవాలి. సెకనులో నూరోవంతు వరకు వ్రాయాలి. మావాడు ఉదయం రెండుసార్లు పరీక్షగా పరుగు తీసి 13.08, 13.14 సెకన్లు తెచ్చుకొన్నాడు. ఎండ ముదిరేకొద్దీ గాలి పలుచనై ఇంజను బలం కొంత తగ్గుతుందట. మధ్యాహ్నం మూడోసారి 13.19 వచ్చింది. చాలాసేపు ఆకాశం వంక, కారు వంక చూసి 13.20 అని వ్రాశాడు.

ఇద్దరు ప్రత్యర్థులు వ్రాసిన అంకెలలో తేడా ఎంతో, నెమ్మదైన కారును అంత ముందుగా వదులుతారు. ఎవరి మాట ప్రకారం వారు నడిస్తే ఇద్దరూ ఒక్కసారే గీత చేరాలి. ఇక గెలుపు దేనిమీద ఆధారపడుతుంది? దీపం చూసి ఎంత చురుకుగా కదిలారు, చెప్పిన కాలానికి ఎంత దగ్గరగా నడిచారు అన్న రెండింటి మీద. చెప్పినదానికంటె త్వరగా వస్తే ఓటమే! ఈ నియమం విన్నప్పుడు నేను నవ్వాను. లోకంలో ఎక్కడైనా శక్తిని మించి చేసినవానికి బహుమానమిస్తారు గాని శిక్ష వేస్తారా?

శిక్ష ఎందుకో మొదటి పందెంలోనే కంటితో చూశాను. మా మస్టాంగ్ పక్కన నిలిచినది కొత్త కారు. దాని అద్దంపై 10.90 అని ఉంది. బాట నడుమ దీపాల స్తంభం ఉంటుంది. 1963 నుండి వాడుకలో ఉన్న ఆ స్తంభాన్ని వారు 'క్రిస్మస్ చెట్టు' అంటారు. మూడు పసుపు దీపాలు అరసెకను ఎడంతో ఒకటొకటిగా వెలిగి, ఆపై పచ్చదీపం వెలుగుతుంది. అంతకుముందే కదిలితే ఎర్రదీపం, ఆట ముగిసినట్లే. మావాడు వెనుక చక్రాలను నీటిలో తడిపి, అక్కడే గిరగిర తిప్పి వేడెక్కించాడు. రబ్బరు కాలిన వాసనతో తెల్లటి పొగ కమ్మింది. ఆపై అంగుళమంగుళంగా కారును గీత మీదికి జరిపాడు. మా దీపం ముందు వెలిగింది. రెండు సెకన్ల ముప్పై వంతులు ఆలస్యంగా వదిలిన ఆ కొత్త కారు పిడుగులా వచ్చి, చివరి అడుగులలో మావాణ్ణి దాటి ముందుగా గీత చేరింది. నేను నిట్టూర్చాను. కాని ఫలకం మీద గెలుపు దీపం మా వైపు వెలిగింది. మావాడు 13.23 సెకన్లలో వచ్చాడు. ప్రత్యర్థి 10.89లో వచ్చాడు, తాను చెప్పిన దానికంటె నూరోవంతు సెకను త్వరపడ్డాడు. ముందు చేరినవాడు ఓడిపోయాడు.

నా దృష్టిలో ఇది సామాన్యమైన నియమం కాదు. తన బలమెంతో తాను నిజాయితీగా తెలుసుకొని నలుగురి ముందు ప్రకటించి, ఆ ప్రకటనకు కట్టుబడి ఉండడం పండితులకే కష్టమైన పని. ఇందులోనూ మోసగాళ్ళు లేకపోలేదు. నెమ్మదిగా వస్తామని వ్రాసి, ప్రత్యర్థి కంటె అంగుళం ముందుండేట్లు చూసుకొని గీత దగ్గర బ్రేకు తొక్కేవారున్నారు. సభలలో విద్వత్తును దాచుకొని సమయం చూసి బయటపెట్టే మహానుభావులు నాకు గుర్తొచ్చారు. అయితే నూరోవంతు సెకనులో బ్రేకు తప్పినా ఓటమే కనుక ఆ తెలివి చాలాసార్లు వారినే ముంచుతుంది.

మన బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ న్యాయం కొత్తగా తోచదు. ఒంగోలు గిత్తలను పళ్ళను బట్టి వేరుచేసి, రెండు పళ్ళ జతకు రెండు పళ్ళ జతతోనే పోటీ పెడతారు. బ్రాకెట్ పద్ధతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. లేగను, వృషభాన్ని ఒకే బరిలో నిలిపి, ఎవరి బలానికి తగిన పని వారికి అప్పగించింది. ఆ రోజు బరిలో అరవై ఏళ్ళు దాటిన స్త్రీ ఒకామె తన కుటుంబం సరుకులు తెచ్చుకొనే పొడవాటి కారుతో పోటీ చేసింది. లక్షల డాలర్ల వాహనాలకు, ఆమె కారుకు నడుమ తేడాను ఆ తెల్లపాలిషు అంకె చెరిపివేసింది. ఏటా ఒకే ప్రశ్నపత్రంతో అందరినీ కొలిచి, మార్కుల వరుసలో నిలబెట్టే వ్యవస్థలో పనిచేస్తున్న నేను ఆ దృశ్యం ముందు కొంచెం సిగ్గుపడ్డాను.

ఈ వినోదం పుట్టుక మరింత ఆలోచింపజేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం కాలిఫోర్నియా యువకులు పాత కార్లకు పదునుపెట్టి రాత్రివేళ రహదారులపై పందేలు వేసేవారు. ప్రాణాలు పోయేవి. లాఠీతోనే పని జరుగదని కొందరు గ్రహించారు. 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు బాట మీద టికెట్టు పెట్టి పందేలు నడిపారు. 1951లో 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. 1953లో ఆ సంస్థ తొలి పందేన్ని పొమోనాలో జరిపినప్పుడు స్థానిక పోలీసులే దానికి అండగా నిలిచారు. పట్టుకోవలసినవారే చోటు చూపించారన్నమాట.

మన దగ్గర ఏం జరుగుతున్నది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను అనుమతి లేకుండా బహిరంగ స్థలాలలో వేగపు పందేలు వేయడాన్ని నేరమన్నది. అది ఉండవలసిన చట్టమే. కాని చట్టం వద్దన్నంత మాత్రాన పదిహేడేళ్ళ రక్తం చల్లబడుతుందా? నా తరగతిలో రెండవ బెంచీలో కూర్చొనే కుర్రవాడొకడు ఉండేవాడు. ఛందస్సంటే చెవి కోసుకొనేవాడు. గణవిభజనలో నన్ను సైతం తొందరపెట్టేవాడు. ఒక పండుగనాటి రాత్రి స్నేహితులతో బైకు పందెం వేసి, వంతెన దిగుతుండగా ఆగివున్న లారీని ఢీకొన్నాడు. మరునాడు హాజరుపట్టీ చదువుతూ అలవాటుగా అతని పేరు పిలిచాను. తరగతి అంతా తల వంచుకొన్నది. ఆ నిశ్శబ్దం ఇంకా నా చెవులలో ఉన్నది.

అతనికి బుద్ధులు చెప్పినవారం చాలామందిమి ఉన్నాము. "ఇక్కడికి వచ్చి పరుగెత్తు, శిరస్త్రాణం పెట్టుకో, పక్కన అంబులెన్సు ఉంది" అని చెప్పగల చోటు మాత్రం మాలో ఎవరమూ చూపలేకపోయాము. 2023లో హైదరాబాదులో హుసేన్ సాగర్ తీరపు రహదారిని మూసి ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పోటీ జరిపారు. అది కంచె ఇవతల నిలిచి చూసేవారి వేడుక. నేననేది తన పాత స్కూటరుతో, తండ్రి కారుతో వచ్చినవాడు సైతం బరిలో దిగగల చోటును గూర్చి. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటపై డ్రాగ్ పోటీలు జరిగిన అనుభవం మన దేశానికి ఉన్నది. జిల్లాకొక అర కిలోమీటరు బాట, ఆగడానికి మరికొంత దూరం, రెండు వైపులా గోడలు, దీపాల స్తంభం. ఇవేమీ గగనకుసుమాలు కావు.

పెట్రోలు వృథా, పొగ, చెవులు చిల్లులుపడే శబ్దం అని ఆక్షేపించేవారున్నారు. వారితో నేను పూర్తిగా విభేదించను. నా చెవులు మరునాటి దాకా గుయ్యిమన్నాయి. కాని రహదారుల మీద ఆ పెట్రోలు మండుతూనే ఉన్నది, ఆ శబ్దం వినబడుతూనే ఉన్నది. దానికి తోడు నెత్తురు కూడా. మన్మంచిభట్టు తెలుగులో అశ్వశాస్త్రం వ్రాసిన నాడు గుర్రం స్వారీ ప్రమాదకరం కనుక మానుమని వ్రాయలేదు; గుర్రాన్ని ఎలా తెలుసుకోవాలో వ్రాశాడు.

రెండవ పందెంలో మావాడికి ఎదురైనది ఆ స్త్రీయే. ఆమె అద్దంపై 15.02 అని ఉంది. ఆమె కారు ముందుగా కదిలిపోతుంటే చూసి మావాడి కాలు ఆగలేదు. ఎర్రదీపం వెలిగింది. సెకనులో పన్నెండు వేయింట వంతులు తొందరపడ్డాడని చీటీ తెలిపింది. తిరిగి వస్తున్నప్పుడు ఆమె తన కారు ఆపి, కిటికీలోంచి చేయి చాచి అతని భుజం తట్టింది.

కారును ట్రెయిలరు మీదికి ఎక్కించి ఇంటిదారి పట్టాము. రహదారి విశాలంగా, ఖాళీగా ఉంది. పక్కనుంచి కుర్రకారు ఒకటి రెండుసార్లు కవ్వించి దూసుకుపోయినా మావాడు వేగపు ముల్లును పరిమితి దాటనీయలేదు. చాలాసేపటికి నోరు విప్పాడు.

"వచ్చే ఆదివారం చలిగాలి వస్తుందట మామయ్యా. 13.05 వ్రాయాలేమో."