రేసు కావాలంటే రోడ్డు వదలాలి

ఉదయగిరి ప్రాంతం నుంచి ఒక కుర్రవాడు ఉత్తరం రాశాడు. వయసు పదహారు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. తండ్రికి మూడెకరాల మెట్ట. టీవీలోనూ ఫోనులోనూ కారు రేసులు చూసి, తాను కూడా రేసు డ్రైవరై దానిమీదే బతకాలని నిశ్చయించుకున్నాడట. ఎక్కడ నేర్పుతారు, ఎంత ఖర్చవుతుంది, ఎకరం అమ్మితే సరిపోతుందా అని అడిగాడు. చివర్లో ఇంకో మాట కలిపాడు. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపు పోయే ముంబై రోడ్డు మీద స్నేహితుడి బండిని నూటపది దాకా లాగాడట. తనకు భయం లేదనడానికి అదే రుజువట.

నవ్వి పక్కన పెట్టదగిన ఉత్తరం కాదిది. ఇందులో ఒక ఎకరం పొలం ఉంది, ఒక పిల్లవాడి ప్రాణం ఉంది. ఇలాంటి కోరిక ఉన్నవాడు మన మెట్ట ఊళ్లలో ఇతనొక్కడే కాడు. ఉదయగిరి బస్టాండు దగ్గర, ఆత్మకూరు సెంటర్లో సాయంత్రాలు నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ముందుగా చెప్పవలసింది, ఆ కోరిక తప్పు కాదని. మోటారు రేసు మన జిల్లాకు మరీ దూరపు సంగతీ కాదు. నెల్లూరు నుంచి మద్రాసుకు బస్సులో పోయేవారు రెడ్‌హిల్స్ చేరేముందు షోలవరం అనే ఊరు దాటుతారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ ఉంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు ఏళ్ల తరబడి దానిమీదే కార్లకు, మోటారు సైకిళ్లకు పందేలు నడిపారు. జనం వేలల్లో వచ్చేవారు. తర్వాత అదే క్లబ్బు శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై వద్ద 3.7 కిలోమీటర్ల ట్రాకు కట్టించింది. అది 1990లో మొదలై నేటికీ నడుస్తున్నది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో కట్టిన బుద్ధ్ సర్క్యూట్ మీద 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు ఫార్ములా వన్ పోటీలే జరిగాయి. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఇ పోటీ జరిగింది. మరుసటి ఏడాది జరగవలసినది మాత్రం రద్దయింది. నేర్చుకునే చోటు లేదనుకోవలసిన పని లేదు. అయితే ఆ చోటికి ఎవరు చేరారు, ఎలా చేరారన్నది చూడాలి.

ఫార్ములా వన్ పోటీల్లో కారు నడిపిన భారతీయులు ఇప్పటిదాకా ఇద్దరే. కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2005లో, మద్రాసు కరుణ్ చందోక్ 2010లో ఆ గడప తొక్కారు. నారాయణ్ తండ్రి పేరున్న రాలీ డ్రైవరు. కరుణ్ తాత మద్రాసు క్లబ్బు స్థాపించినవారిలో ఒకరు. ఇంట్లో కారు, కారు వెనుక డబ్బు, డబ్బు వెనుక తెలిసిన పెద్దలు ఉన్న పిల్లలు వారు. అయినా నారాయణ్ పదిహేనో ఏట శ్రీపెరంబుదూరులో మొదటి పందెం నడిపి, 1992లో ఫ్రాన్సుకు పోయి శిక్షణ పొంది, ఇంగ్లండులోనూ ఆసియా దేశాల్లోనూ మెట్టు మెట్టుగా ఎక్కి ఫార్ములా వన్ చేరేసరికి పదమూడేళ్లు పట్టింది. జెహాన్ దారువాలా అని బొంబాయి కుర్రవాడున్నాడు. 2011లో ఒక ఫార్ములా వన్ జట్టు దేశమంతా గాలించి ఏరుకున్న పిల్లల్లో ఒకడు. ఫార్ములా వన్‌కు ఒక్క మెట్టు కిందనున్న ఫార్ములా టూలో రేసులు గెలిచాడు. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి సీటు దొరకలేదు. ప్రపంచం మొత్తం మీద ఆ సీట్లు రెండు డజన్లకు లోపే.

ఈ సీటు సంగతి మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. మన వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూస్తాం. ఎడ్లు ఒకరివి, తోలేవాడు మరొకడు. మేత, దాణా, లారీ కిరాయి అంతా యజమానిదే. తోలేవాడికి కూలి ముడుతుంది. కారు రేసు కూడా అట్లాగే ఉంటుందని మన పిల్లలు అనుకుంటారు. అక్కడ సంగతి తిరగబడి ఉంటుంది. కింది మెట్లలో తోలేవాడే యజమానికి డబ్బు కట్టాలి. కారు జట్టుది, మెకానిక్కులు జట్టువారు, టైర్లు పెట్రోలు జట్టు తెస్తుంది. ఆ ఖర్చంతా సీజనుకింతని కుర్రవాడి తండ్రో, తండ్రి తెచ్చిన కంపెనీయో భరించాలి. కారు గుద్దితే మరమ్మతు వేరే. యూరప్‌లో అడుగు మెట్టయిన ఫార్ములా 4లోనే ఒక ఏడాదికి కోట్ల మాట వినపడుతుంది. జీతమిచ్చి పిలిచి నడపమనే దశకు చేరేవారు చాలా కొద్దిమంది. ఎకరం అమ్మితే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇదే. మూడెకరాలూ అమ్మినా సరిపోదు.

రెండో అడ్డంకి వయసు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఇళ్లలో పిల్లలు ఊహ తెలిసిననాటి నుంచి ఆకురాయి చప్పుడు వింటూ పెరుగుతారు. ఇరవయ్యో ఏట కొత్తగా వచ్చి కూర్చున్నవాడికి ఆ చేతివాటం అంత త్వరగా రాదు. రేసూ అంతే. కార్టింగ్ అని చిన్న బండ్ల ఆట ఉంది. నేలకు జానెడెత్తున కూర్చుని తోలే నాలుగు చక్రాల బండి. పైకొచ్చిన డ్రైవర్లలో ఎక్కువమంది ఎనిమిదో ఏటనో అంతకు ముందో దానిమీద మొదలుపెట్టినవారే. పదిహేనేళ్లు వచ్చేసరికి ఫార్ములా 4 కారు ఎక్కుతారు. మన కుర్రవాడు పదహారో ఏట కార్టు ముఖం ఇంకా చూడలేదు. ఇది అతన్ని చిన్నబుచ్చడానికి రాస్తున్నది కాదు. ఎవరూ చెప్పకపోతే, తెలిసేలోపు పొలం పోతుంది.

ఇక నూటపది మాట. ధైర్యమే రేసు అని అతను అనుకుంటున్నాడు. ట్రాకు మీద మొదట నేర్పేది జెండాల చదువు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటరాదు. ఎర్ర జెండా పడితే పందెం ఆగినట్టు. నీలం జెండా చూపితే వెనుకవాడు నీకంటే ముందంజలో ఉన్నాడు, దారి ఇవ్వాలి. నల్ల జెండా చూపితే నోరు మూసుకుని లోపలికి వచ్చేయాలి. వినని వాడికి శిక్ష పడుతుంది, ఎంత వేగంగా నడిపినా సరే. ఒంటికి మంటలంటని దుస్తులు, మెడకు రక్షణ, ప్రతి మలుపు దగ్గర మనుషులు, పక్కనే అంబులెన్సు. ఇన్ని ఉండి కూడా 2023లో మద్రాసు ట్రాకు మీద జనవరిలో 59 ఏళ్ల అనుభవజ్ఞుడైన డ్రైవరు ఒకరు, ఆగస్టులో మోటారు సైకిలు పందెంలో బెంగళూరు బాలుడు ఒకడు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ బాలుడి వయసు పదమూడు. మరి ముంబై రోడ్డు మీద ఏముంది? ఎదురుగా లారీ ఉంది, అడ్డంగా గేదెలున్నాయి, సందులోంచి వచ్చే ట్రాక్టరుకు వెనుక దీపం లేదు. సీతారామపురం వైపు వెలిగొండల మలుపుల్లో ఎదుటి బండి కనిపించేసరికే ఆలస్యమైపోతుంది.

చట్టం సంగతి ఆ కుర్రవాడికే కాదు, బండి ఇచ్చిన స్నేహితుడి తండ్రికి కూడా తెలిసినట్టు లేదు. పద్ధెనిమిదేళ్లు నిండనిదే గేర్ల బండి లైసెన్సు లేదు. పదహారేళ్లవాడికి ఇచ్చేది గేర్లు లేని చిన్న బండికి మాత్రమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో బండి యజమానో బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆ కుర్రవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సుకు కూడా అర్హత ఉండదు. రోడ్డు మీద పందెం వేసినవారికి వేరే శిక్ష ఉంది. మొదటిసారి మూడు నెలల దాకా జైలు గాని, అయిదువేల దాకా జరిమానా గాని, రెండూ గాని. ఎవరికైనా గుద్దితే బీమా కంపెనీ బాధితుడికి చెల్లించి, తర్వాత ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అప్పుడు కూడా పోయేది పొలమే.

ఫార్ములా వన్ వారు కూడా ఇక్కడికే వచ్చారు. మాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో పదిహేడో ఏటనే ఆ కారెక్కాడు. తర్వాత నిబంధనలు మార్చి, సాధారణంగా పద్ధెనిమిదేళ్లు నిండాలని, మామూలు రోడ్డు లైసెన్సు కూడా చేతిలో ఉండాలని పెట్టారు. ప్రపంచంలోకెల్లా వేగమైన కారుకు అప్పుడు అడిగిన కాగితాల్లో మన రవాణా శాఖ వంటి కార్యాలయం ఇచ్చే కాగితం ఒకటన్నమాట. రోడ్డు మీద పట్టుబడి దాన్ని పాతికేళ్ల దాకా పోగొట్టుకునేవాడు ఏ రేసు డ్రైవరవుతాడు?

మరి దారులన్నీ మూసుకున్నాయా అంటే, లేదు. కార్ల కంటే మోటారు సైకిళ్ల పందెం ఖర్చు చాలా తక్కువ. టీవీఎస్ కంపెనీ 1994 నుంచి ఒకే రకం బండ్లతో పోటీలు నడుపుతున్నది. బండి వారిదే గనుక తోలేవాడి నేర్పు తేలుతుంది. హోండా వారు కూడా 2018 నుంచి కుర్రవాళ్ల కోసం అటువంటి పోటీ పెట్టారు. కార్లలో కొత్తవారి కోసం నోవిస్ కప్ అనే పోటీ ఉంది. ఏ పందేనికైనా భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు కావాలి. దానికి డాక్టరు సర్టిఫికెట్టు, మైనరైతే తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి. ఈ లైసెన్సు మాట ఎత్తకుండా డబ్బు కట్టమనే శిక్షణ సంస్థలుంటే వాటికి దూరంగా ఉండడం మేలు.

స్టీరింగు పట్టనివాళ్లకు కూడా ఈ రంగంలో అన్నముంది. ఒక్క డ్రైవరు వెనుక మెకానిక్కులు, టైర్లవాళ్లు, ఇంజను ట్యూనింగు చేసేవాళ్లు, కంప్యూటరులో లెక్కలు చూసేవాళ్లు ఉంటారు. వారికి జీతాలు ఇస్తారు. పైసా కట్టనక్కర లేదు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా గాని, ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు గాని చేసినవాడికి రేసు జట్టులో చోటు దొరకకపోయినా శ్రీపెరంబుదూరు చుట్టూ ఉన్న కార్ల ఫ్యాక్టరీలున్నాయి. మద్రాసు క్లబ్బు పందేలకు జెండాలు పట్టే మార్షల్స్ స్వచ్ఛందంగా పనిచేస్తారు. పద్ధెనిమిది నిండిన తర్వాత ఆ పనికి పోతే, టికెట్టు కొన్న ఏ ప్రేక్షకుడికీ దొరకనంత దగ్గరగా ట్రాకు కనిపిస్తుంది. కారు డిజైను మీద మనసున్నవాడు కరివర్ధన్ గురించి చదవాలి. కోయంబత్తూరువారు. మారుతి 800 ఇంజను పెట్టి చౌకలో రేసు కారు చేసి చూపించారు. నారాయణ్ మొదటి పందెం నడిపింది అటువంటి ఫార్ములా మారుతి కారులోనే. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు ట్రాకుకు ఉన్నది ఆయన పేరే.

అధికారులకూ ఒక మాట. పిల్లలు హైవే మీద బండ్లు లాగుతున్నారని పోలీసులు పట్టుకుని జరిమానా వేస్తే సరిపోదు. రవాణా శాఖ వారు ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ జూనియరు కాలేజీలకు పోయి ఈ పాతికేళ్ల నిబంధన ఒక్కటి చెప్పినా సగం బండ్లు ఇంట్లో ఉంటాయి. లైసెన్సు కోసం మెట్ట ఊళ్లవారు పనులు మానుకుని తిరగకుండా ఉదయగిరిలో నెలకొకసారి శిబిరం పెట్టాలి. మంచి డ్రైవింగు నేర్పే సర్కారు శిక్షణ కేంద్రం ఈ వైపు ఒకటి వస్తే రేసు మాట అటుంచి, లారీలు, బస్సులు నడిపి బతకవలసిన వందల మందికి ఉపయోగం.

ఉత్తరం రాసిన కుర్రవాడు ఈ ఇంటర్ పూర్తి చేయాలి. మద్రాసు ట్రాకు మీద పందేలు మామూలుగా శని, ఆదివారాల్లో జరుగుతాయి. తండ్రిని వెంటబెట్టుకుని బస్సులో ఒకసారి పోయి చూసి రావాలి. తండ్రి లేకుండా మాత్రం పోవద్దు, ఖర్చు పెట్టవలసినవాడు కళ్లారా చూడాలి. గెలిచినవాడికి దండలు వేసే చోట కాకుండా, గ్యారేజీల వైపు టైర్లు మోస్తున్నవాళ్లతో, పందెం మధ్యలో ఇంజను చెడి దిగిపోయినవాడితో మాట్లాడటానికి ప్రయత్నించాలి. ఈ సీజనుకు ఎంతయింది, ఎవరిచ్చారు అని అడగాలి. పక్కనే నిలబడి తండ్రి కూడా వినాలి. తిరిగి వచ్చాక మనసు మారకపోతే మళ్లీ రాయవచ్చు, పోటీ లైసెన్సు దరఖాస్తు ఎలా నింపాలో చెబుతాం. అప్పటిదాకా స్నేహితుడి బండి తాళాలు స్నేహితుడి తండ్రి దగ్గరే ఉండాలి.