పథ్యం ఆయనది, పొయ్యి నాదా?

మొన్న ఆదివారం ఒక స్నేహితురాలింటికి భోజనానికి వెళ్ళాం. మేముండేది డల్లాస్ పక్కన, మనవాళ్ళు బోలెడుమంది ఉన్న ఊళ్ళో కాబట్టి వారాంతం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో బిర్యానీ దమ్ములో ఉంటుంది. ఈసారి మాత్రం మగవాళ్ళ బల్ల దగ్గర మాటలన్నీ కార్బ్స్ గురించే. ఒకాయన ఏడు కిలోలు తగ్గాడట. ఇంకొకాయనకి ఏ1సీ 8 నుంచి 6.3కి దిగిందట. "ఏముందండీ, విల్ పవర్ ఉండాలి అంతే" అని అందరికీ వినపడేలా చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య వంటింట్లో నా పక్కన నిలబడి, ఆయన కోసం ఇంటి దగ్గర తురిమి, వేయించి, డబ్బాలో సర్ది తెచ్చిన కాలీఫ్లవర్ అన్నాన్ని మైక్రోవేవ్‌లో వేడి చేస్తోంది. తన పళ్ళెంలో అప్పటికింకా ఏమీ లేదు.

ఆ విల్ పవర్ ఎవరిదో ఆయన్ని అడగాలనిపించింది. అడగలేదు లెండి. ఒకరింటికి భోజనానికి వెళ్ళి అలా అడగలేం కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటి సంగతి ముందు చెప్పుకోవాలి. కిందటేడు మేమిద్దరం ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకున్నాం. ఆయనకి ఏ1సీ 7.4 వచ్చింది. నాకు 6.1. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చిందని, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే లోపలికి వచ్చేసిందని. ఆయన రిపోర్టు రాగానే ఇల్లంతా మారిపోయింది. ఊళ్ళో అత్తయ్యకి ఫోను, మా అమ్మకి ఫోను, తెలిసిన డాక్టరు బావగారికి ఫోను. "నేను లో కార్బ్ మొదలుపెట్టాను" అని ఆయన నలుగురికీ చెప్పారు. నా రిపోర్టు మాత్రం కిరాణా కూపన్లు పెట్టుకునే సొరుగులో చేరింది. "నీది బార్డరేగా" అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. మా చిన్నాడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చి, రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చుకున్నాను. పురుడయ్యాక తగ్గిపోయిందని అందరూ మర్చిపోయారు, నాతో సహా. అలా గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళకి తరవాత డయాబెటిస్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువని నాకు చెప్పారు కూడా. ఇంట్లో ఆ మాట గుర్తుంచుకోవాల్సింది నేనే. నేనే మర్చిపోతే ఇంకెవరికి గుర్తుంటుంది?

ఇంతకీ "నేను మొదలుపెట్టాను" అన్న వాక్యంలో కర్త ఎవరండీ? పొద్దున్న ఆయనకి కూరగాయలు వేసిన గుడ్లు. పిల్లలకి ఇడ్లీ. ఆయన డబ్బాలోకి అన్నం లేకుండా చికెన్ వేపుడు, పక్కన కీరా ముక్కలు. రాత్రికి ఆయనకి కాలీఫ్లవర్ తురుము, పిల్లలకి అన్నం, ఆర్నెల్ల కోసం వచ్చిన అత్తయ్యకి పప్పూ పచ్చడీ. అందరూ లేచాక గిన్నెలో మిగిలిన అన్నం, పిల్లాడు వదిలేసిన చపాతీ ముక్క, పారెయ్యలేక నాకు. ఆయన మానేసిన అన్నం ఎక్కడికీ పోలేదు. నా పళ్ళెంలోకి వచ్చింది.

ఇది అమెరికా జబ్బేమీ కాదు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైటు మన ఊళ్ళల్లో ఎంత నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. తెనాల్లో మా పిన్ని వాళ్ళింట్లో కొబ్బరినూనె డబ్బాలు, నిమ్మకాయల బుట్ట, నాలుగు లీటర్ల నీళ్ళ సీసా కొలువుతీరాయి. ఆ డైటు మంచిదా చెడ్డదా అన్నది డాక్టర్లు తేల్చుకోనీ. నాకు గుర్తున్నది వేరు. బాబాయి పొట్ట తగ్గిందని ఊరంతా బాబాయిని మెచ్చుకుంది. పిన్ని మోకాళ్ళు వాచిపోయాయి, ఒకే పొయ్యి దగ్గర రెండు వంటలకి నిలబడి నిలబడి.

మా ఇంటికి పోయిన థాంక్స్‌గివింగ్ సేల్‌లో స్లో కుక్కర్ వచ్చింది. ఆరు క్వార్టులది. "నీకు పని తగ్గుతుంది" అంటూ తెచ్చారు ఆయన. పని తగ్గించే వస్తువుని నా చేతిలో పెట్టారంటే ఆ పని నాదేనని ముద్ర కొట్టినట్టే కదా! నాకు అప్పుడు తట్టలేదు. మురిసిపోయి వాడాను.

ఈ కుక్కర్ కథ నాకు చాలా ఇష్టం. దీన్ని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్‌కి 1940లో పేటెంటు వచ్చింది. లిథువేనియా యూదుల కుటుంబం వాళ్ళది. శుక్రవారం పొద్దుగూకాక వాళ్ళు పొయ్యి ముట్టుకోకూడదు. అందుకని చిక్కుళ్ళూ మాంసమూ వేసిన కుండని పొద్దుండగానే రొట్టెల బట్టీలో పెట్టొస్తే, ఆరిపోతున్న ఆ సెగకే రాత్రంతా ఉడికేదని వాళ్ళమ్మ చెప్పేదట. ఆ కుండనే ఆయన కరెంటుకి తగిలించాడు. 1971లో రైవల్ కంపెనీ దాన్ని క్రాక్‌పాట్ అని పేరు మార్చి, ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళకి అమ్మింది. మనకీ ఇలాంటిది లేకపోలేదు. మా అమ్మమ్మ పిడకల దాలిలో పాలకుండ పెట్టి పొలం వెళ్ళిపోయేది. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీద అరంగుళం మీగడ కట్టేది. కుండ దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. దాలి చేసినా, బట్టీ చేసినా, ఈ కుక్కర్ చేసినా అదే పని.

నిలబడక్కర్లేనప్పుడు, కలపక్కర్లేనప్పుడు, మాడుతుందన్న భయం లేనప్పుడు, "నాకు వంట రాదు" అన్న మాటకి విలువేముంది? నా పోట్లాటంతా ఇక్కడే.

చికెన్ స్టూ ఎలా చేస్తారో చెబుతాను, మీరే చూడండి ఇందులో మగవాడికి చేతకానిది ఏముందో. మూడు పౌండ్ల చికెన్ తొడ ముక్కలు, ఎముకతో, తోలు తీసినవి. రొమ్ము ముక్కలు వద్దు, ఆరు గంటలు ఉడికితే కొబ్బరిపీచు నమిలినట్టుంటుంది. గడ్డకట్టిన చికెన్ తిన్నగా కుక్కర్లో వెయ్యకూడదు, ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోవాలి. ఒక ఉల్లిపాయ, రెండు టమాటాలు, చిన్న సొరకాయ, మధ్యరకం కాలీఫ్లవర్‌లో సగం. ఆరు పచ్చిమిరపకాయలు చీల్చి, చెంచాడు మిరియాలు దంచి, చిన్న దాల్చినచెక్క, మూడు లవంగాలు, పసుపు, ఉప్పు. లవంగాలు అంతకు మించి వెయ్యకండి, గంటల తరబడి ఊరి ఘాటెక్కి కూర మందులా తయారవుతుంది. నీళ్ళు అరకప్పు చాలు, చికెనూ సొరకాయా బోలెడు నీళ్ళు వదులుతాయి. అల్లం వెల్లుల్లి ముద్దని మాత్రం బాణలిలో చెంచా నూనెతో ఐదు నిమిషాలు వేయించి వెయ్యాలి. పచ్చిది వేస్తే పచ్చివాసన సాయంత్రం దాకా పోదు, ఎందుకంటే ఈ కుక్కర్‌కి వేయించే గుణం లేదు. మూత పెట్టి, లోలో ఆరు గంటలకి నొక్కి వెళ్ళిపోవడమే. మధ్యలో మూత తీసి తొంగి చూస్తే పోయిన వేడి మళ్ళీ ఎక్కడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అది నాకే చేతకావట్లేదు, మూత తియ్యకుండా ఉండడం!

సాయంత్రం వచ్చాక ఉడికిపోయిన కాలీఫ్లవర్‌ని గరిటెతో మెదిపేస్తే చిక్కదనం దానంతటదే వస్తుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. అప్పుడు ఒక డబ్బా కొబ్బరిపాలు, రెండు గుప్పెళ్ళ పాలకూర వేసి ఇంకో అరగంట. కొబ్బరిపాలు పొద్దున్నే పోస్తే విరిగిపోతాయి. ఆఖర్న నేతిలో కరివేపాకు. కేరళవాళ్ళ స్టూలో బంగాళదుంప ఉంటుంది, దాని బదులే మనం సొరకాయ వేసింది. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి కార్బ్స్ నా లెక్కకి 15 గ్రాముల లోపే. ఒక కప్పు అన్నంలో 45 ఉంటాయి. జొన్నరొట్టె తింటే షుగర్ రాదనుకునేవాళ్ళకి కూడా ఒక మాట: జొన్నపిండిలోనూ పిండిపదార్థం గోధుమపిండిలో ఉన్నంతా ఉంటుంది. ఇన్సులిన్, లేదా షుగర్ బాగా దింపే మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం మానెయ్యకండి, షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఇరవై నిమిషాల పని. ఆఫీసులో నలభైమందికి పని పంచే మనిషి ఇది చెయ్యలేరా?

"నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అంటారని తెలుసు. మా ఆయన అనలేదు గానీ మన ఆడవాళ్ళే అన్నారు. నేను గృహిణిని, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఇంటికి ఒక పూట వంట చెయ్యడం నా పనే, చేస్తున్నాను. కానీ లేచి తిరుగుతున్న మనిషి పథ్యానికి విడిగా మూడు పూటలా వంట చెయ్యడం ఇంటిపని కాదు, రోగికి సేవ. ఆయన మంచాన లేరు. పొద్దున్నే జిమ్‌కి వెళ్ళొస్తారు. పైగా ఆయనకి మంచిదీ కాదు. ఎందుకంటే, నాన్నకి ఒంట్లో బాగాలేదని నేను మూడు వారాలు ఇండియా వెళ్ళొచ్చాను. తిరిగొచ్చేసరికి చెత్తబుట్టలో పిజ్జా అట్టపెట్టెలు, మీటర్లో పరగడుపున 180లు. ఆయన తిండికి కాపలా ఉన్నది నేను, ఆయన కాదు. ముప్ఫై ఏళ్ళు షుగర్‌తో బతకాల్సిన మనిషికి తన గిన్నెలో ఏముందో తెలియకపోతే ఎలా? కాలీఫ్లవర్ ఎప్పుడు తరగాలో భార్యకే తెలిసే లో కార్బ్ డైటు, భార్య విమానం ఎక్కగానే ఆగిపోతుంది.

అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "వాడు కోడిమాంసం కడగడమేంటే అమ్మాయ్" అంది. తరవాత ఒక మధ్యాహ్నం తనే చెప్పుకొచ్చింది. మామయ్యగారికి షుగర్ వచ్చాక ఇరవై ఏళ్ళు ఆయనకి విడిగా వండిందట. మిగిలిన అన్నం తను తిన్నదట, "పారేస్తే పాపం కదా" అని. ఆయన పోయి నాలుగేళ్ళయింది. "మరి మీరెప్పుడైనా చూపించుకున్నారా అత్తయ్యా?" అంటే నవ్వింది. "నాకేమే, నేను గట్టిదాన్ని."

అప్పటికి భోజనం చేసి రెండు గంటలు దాటింది. మా ఆయన మీటరు తెచ్చి వేలు గుచ్చాను. 238.

"ఎక్కువా అది?" అంది.

ఆ రాత్రి ఆయనతో కూర్చుని మాట్లాడాను, అరవకుండా. ఇకనించి ఇంట్లో ఒకటే కూర, అందరికీ. అన్నం కావలసిన పిల్లలకి రైస్ కుక్కర్లో చిన్న గిన్నె పెడతాను, అంతే. మంగళ, గురువారాలు స్టూ, అది ఆయన చెయ్యాలి. కొనడం దగ్గర్నుంచి కుక్కర్ తోమడం దాకా. సొరుగులోంచి నా రిపోర్టు తీసి ఆయన రిపోర్టు పక్కన ఫ్రిజ్ మీద అంటించాను.

మొదటి మంగళవారం ఆయన లో బదులు వార్మ్ నొక్కి ఆఫీసుకి వెళ్ళిపోయారు. అది వండిన కూరని వేడిగా ఉంచడానికే గానీ ఉడికించడానికి కాదు. సాయంత్రం మూత తీస్తే పచ్చి చికెన్ గోరువెచ్చగా ఉంది. పొయ్యి మీద పెట్టి ఉడికించేద్దాం అన్నారు. తొమ్మిది గంటలు అలా గోరువెచ్చగా ఉన్న మాంసంలో క్రిములు పెరిగిపోతాయి, తరవాత ఎంత ఉడికించినా నమ్మలేం, కాబట్టి మొత్తం పారెయ్యాల్సి వచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. లేచి వెళ్ళి ఏదో ఒకటి చేసెయ్యాలని కాళ్ళు లాగాయి. లేవలేదు. ఆయనే ఆమ్లెట్లు వేశారు, ఆరు. రెండు చిరిగాయి.

గురువారం స్టూ కుదిరింది. అత్తయ్య, ఆయన, నేను, ముగ్గురం అదే గిన్నెలోంచి పెట్టుకున్నాం. పిల్లలు అన్నంలో కలుపుకున్నారు. ఉప్పు తక్కువైంది. నేనేమీ అనలేదు. అత్తయ్య మాత్రం ఆవకాయ అడిగింది.