అమ్మాయిల ఫుట్సల్: ఇరాన్ రెండుసార్లు ఆసియా కప్పు గెలిచాక మనం మొదలుపెట్టాం

2025 డిసెంబర్ 7న ఫిలిప్పీన్స్‌లో మహిళల ఫుట్సల్ తొలి ప్రపంచకప్ ముగిసింది. ఫైనల్లో బ్రెజిల్ 3-0తో పోర్చుగల్‌ను ఓడించింది. మొత్తం 16 దేశాలు ఆడితే అందులో ఇరాన్ ఉంది, మొరాకో ఉంది. భారత్ లేదు. మగవాళ్లకు ఈ ఆటలో ఫిఫా ప్రపంచకప్ 1989లోనే మొదలైంది. ఆడవాళ్ల వంతు రావడానికి 36 ఏళ్లు పట్టింది.

ఫుట్సల్ అంటే హాల్లో ఆడే ఫుట్‌బాల్. జట్టుకు ఐదుగురు, 40 మీటర్ల పొడవు 20 మీటర్ల వెడల్పు కోర్టు, పెద్దగా ఎగరని చిన్న బంతి, సగానికి 20 నిమిషాలు. 1930లో ఉరుగ్వేలో పుట్టింది. నాలుగు గోడల మధ్య, తక్కువ జాగాలో ఆడొచ్చు. ఆడపిల్లను పెద్ద మైదానానికి పంపాలంటే నలుగురూ చూస్తారని వెనకాడే ఇళ్లకు ఇదేమీ చిన్న విషయం కాదు.

మన దేశం సంగతి చూద్దాం. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మహిళల ఫుట్సల్ జట్టును మొదటిసారి బరిలోకి దించింది 2025 జనవరిలో, ఆసియా కప్ అర్హత పోటీలకు. ఇండోనేషియా, హాంకాంగ్, కిర్గిజ్‌స్తాన్ ఉన్న గ్రూపులో పడ్డారు. ఇండోనేషియా, హాంకాంగ్ ముందుకెళ్లాయి, మనవాళ్లు ఇంటికొచ్చారు. దానికి పిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం. ఏళ్ల తరబడి ఆడుతున్న జట్ల ముందు అప్పుడే కట్టిన జట్టును నిలబెట్టారు మరి. ఆ ఏడాది మేలో చైనాలో జరిగిన అసలు టోర్నీలో 12 జట్లు ఆడాయి. జపాన్ కప్పు గెలిచింది, థాయిలాండ్ రెండో స్థానం, ఇరాన్ మూడో స్థానం. బహ్రెయిన్ కూడా ఆడింది. మన ఊళ్ల నుంచి ఎంతోమంది పనికి వెళ్లే గల్ఫ్‌లో, అంత చిన్న దేశానికి కూడా ఈ ఆటలో అమ్మాయిల జట్టు ఉందన్నమాట.

ఇరాన్ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. మహిళల ఆసియా ఫుట్సల్ పోటీలు మొదలైనప్పుడు, అంటే 2015లో మలేషియాలో, ఫైనల్లో జపాన్‌ను 1-0తో కొట్టి ఇరాన్ గెలిచింది. 2018లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్, మళ్లీ జపానే, ఈసారి 5-2. తలకు గుడ్డ, నిండు చేతులు, పొడవు ప్యాంటు వేసుకునే ఆ జట్టు ఆసియాను రెండుసార్లు గెలిచింది. మన బట్టలతో ఆట కుదరదు అనే మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఆ గెలుపుకు ముందు వాళ్లు పడ్డ ఇబ్బంది తక్కువేం కాదు. 2011 జూన్‌లో జోర్డాన్‌లో ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడడానికి వెళ్లిన ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టును, తలపై గుడ్డ ఉందని, ఫిఫా నిబంధన చూపించి ఆడనివ్వలేదు. ఆ నిబంధన పూర్తిగా పోయింది 2014 మార్చిలో. 2023 ప్రపంచకప్‌లో మొరాకో అమ్మాయి నుహైలా బెంజీనా హిజాబ్‌తో ఆడిందంటే ఆ మార్పు వల్లే.

ఇది బయటివాళ్లు వేసిన అడ్డు. ఇంట్లో అడ్డు సంగతీ వినండి. 2015 ఆసియా పోటీలకు ఇరాన్ కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ వెళ్లలేకపోయింది. అక్కడి చట్టం ప్రకారం పాస్‌పోర్టుకు భర్త ఒప్పుకోవాలి. కొడుకు బడి మొదలయ్యే రోజుకు ఆమె ఇంట్లో ఉండాలని ఆయన ఒప్పుకోలేదు. కెప్టెన్ లేకుండానే జట్టు కప్పు తెచ్చింది. రెండు నెలలకు గ్వాటెమాలాలో జరిగిన టోర్నీకి మాత్రం అధికారులు ప్రత్యేక అనుమతి ఇచ్చి ఆమెను పంపారు. తల మీద గుడ్డ తీయమన్నవాళ్లూ, తీయకూడదని చట్టం పెట్టినవాళ్లూ, ప్రయాణానికి సంతకం పెట్టనన్నవాళ్లూ, ఎవరూ ఆ ఆటగత్తెను నీకేం కావాలమ్మా అని అడగలేదు. నాకు ఇందులో ఒక పక్షం మంచిది, ఇంకొకటి చెడ్డది అనిపించదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మన పిల్లలకు ఇలాంటి చట్టాలేవీ లేవు. ఫిఫా అడ్డు పడదు, పాస్‌పోర్టుకు భర్త సంతకం అక్కర్లేదు. అయినా పదో తరగతి అయ్యేసరికి అమ్మాయి ఆట ఆగిపోతుంది. కారణాలు మనందరికీ తెలిసినవే. నేర్పేది మగ సారు, ప్రాక్టీసు చీకటి పడ్డాక, టోర్నీ పక్క జిల్లాలో. తోడు ఎవరు వెళ్తారు? వీటిలో చాలావరకు దీన్‌కు సంబంధించిన ప్రశ్నలు కావు, ఏర్పాట్ల ప్రశ్నలు. అమ్మీ అబ్బాలు భయపడడంలో తప్పు లేదు. ఆ భయానికి జవాబు చెప్పాల్సింది స్కూలు, క్రీడాశాఖ. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయిందంటే ముందు వాళ్ల నాన్న జమీల్ అహ్మద్ బంధువుల మాటలు పడ్డాడు, తర్వాత శిక్షణ దొరికింది. మాటలు పడే నాన్నలు మన దగ్గరా ఉన్నారు, శిక్షణే కరువు. అదే జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. మనకు దగ్గర్లో అనంతపురంలో ఆర్డీటీ ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. కుప్పం నుంచి బెంగళూరుకు నేరుగా రైలుంది. దారులు లేకపోలేదు.

స్కూలు మీటింగుకు వెళ్లినప్పుడు పీఈటీ సారునో మేడంనో అడగండి: ఆడపిల్లలకు ప్రాక్టీసు ఎన్ని గంటలకు, నేర్పడానికి లేడీ కోచ్ దొరుకుతుందా, మగ్రిబ్ లోపు ఇంటికి చేరుతారా అని. కోర్టు లేదంటే ఒక మాట చెప్పండి. హ్యాండ్‌బాల్ కోర్టు కొలత కూడా 40కి 20 మీటర్లే. గోల్‌పోస్టు కూడా ఒకటే, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. అది ఉన్న స్కూలు కొత్తగా కొనాల్సింది బంతులు మాత్రమే.