బండి తాళం కాదు, బండి మీద తోడు అడగండి

సెలవులు వస్తున్నాయంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. గోవా, లేదంటే పాండిచ్చేరి, అదీ కుదరకపోతే వైజాగ్. చివరికి సగం మందికి ఇంట్లో పర్మిషన్ రాదు, మిగతా సగం మందికి డబ్బులు సరిపోవు. ప్లాన్ గ్రూపులోనే ఆగిపోతుంది. ఫ్రెండ్స్‌తో వెళ్ళొద్దని నేను చెప్పను, నేనూ వెళ్తాను. కానీ ఈ నాలుగేళ్ళలో ఒక్కసారైనా అమ్మతోనో నాన్నతోనో, ఇద్దరే, ఒక రోజంతా రోడ్డు మీద ఉండాలని మాత్రం గట్టిగా చెప్తాను. పెళ్ళికో, గుడికో, హాస్పిటల్‌కో కాదు. ఊరికే.

పోయిన ఉగాది సెలవుల్లో నేను అదే చేశాను. మాది తుని. అక్కణ్ణుంచి కాకినాడ వెళ్ళాలంటే ఎవరైనా అన్నవరం, కత్తిపూడి మీదుగా హైవే పట్టుకుంటారు. మేం స్కూటీ మీద సముద్రం పక్క రోడ్డు పట్టుకున్నాం. కాకినాడ, యానాం దాటి మురమళ్ళ దాకా, సుమారు వంద కిలోమీటర్లు. ఆలోచన నాదే. "ఎండలో ఎందుకమ్మా, బస్సులున్నాయిగా" అన్నారు నాన్న. రెండోసారి అడిగితే హెల్మెట్ తీశారు.

నిజం చెప్పాలంటే నాకు వేరే పని ఉంది. మూడో ఏడు మొదటి సెమ్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. ఫోన్‌లో నాన్నకీ నాకూ ఉండే మాటలు మీకూ తెలిసినవే: "తిన్నావా? డబ్బులున్నాయా? అమ్మకిస్తున్నా." ఇందులో రెండు సప్లీల సంగతి ఎక్కడ దూర్చాలి?

ఉప్పాడ చేరేసరికి ఇంకా ఎనిమిది కాలేదు. అక్కడ రోడ్డుకీ సముద్రానికీ మధ్య పెద్ద పెద్ద రాళ్ళు పోసి ఉంటాయి. తుఫాను వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు తెగుతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ తెగుతుంది. ఇళ్ళు, పొలాలు ఎన్నో అలల్లో కలిసిపోయాయి. "నేను కాకినాడలో చదువుకునేటప్పుడు సముద్రం ఇంకా దూరంగా ఉండేది" అని నాన్న నీళ్ళకేసి చెయ్యి చూపించారు. ఆయన చూపించిన చోట ఇప్పుడు నేల లేదు, నీళ్ళే.

ఉప్పాడ దాటాక బండి నేను నడిపాను. నాన్న వెనక కూర్చున్నారు. ఆయన మొహం నాకు కనిపించదు, నా మొహం ఆయనకి కనిపించదు. ఆ ధైర్యంతోనే చెప్పేశాను. "నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి."

కొంత దూరం గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒకే ప్రశ్న.

"ఫీజు కట్టడానికి ఆఖరు రోజు ఎప్పుడు?"

తిడతారనుకున్నాను. ఫీజు గురించి అడిగారేంటో అర్థం కాలేదు. కాకినాడలో పెసరట్టు ఉప్మా తిని, గొట్టం కాజాలు కట్టించుకుని, కోరంగి మడ అడవుల మీదుగా వెళ్ళాం. 1839 తుఫాను ఉప్పెనలో కొట్టుకుపోకముందు కోరంగి పెద్ద ఓడరేవు. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. యానాం దాటి గౌతమి మీద వంతెన ఎక్కాక నాన్న, "మా రోజుల్లో ఇది లేదు, పంటు మీద దాటేవాళ్ళం" అన్నారు.

మురమళ్ళ మా తాతగారి ఊరని నాకు తెలుసు. నాన్న పాలిటెక్నిక్ మధ్యలో మానేశారని కూడా తెలుసు. చదువు మీద శ్రద్ధ లేక మానేశాడని మా బంధువులు నవ్వుతూ చెప్తుంటారు. నేనూ అదే నమ్మాను.

ఆ రోజు నాన్న ఒక కొబ్బరితోట పక్కన బండి ఆపించారు. ఇప్పుడది వేరేవాళ్ళది. "ఇక్కడ మనకి ముప్పై రెండు చెట్లుండేవి. తొంభయ్యారు తుఫానుకి నాలుగు మిగిలాయి." 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ముంచేసిన తుఫాను అది. మళ్ళీ మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా తినాలిగా. తాతగారు ఎవరినీ అడగలేకపోయారు. ఫీజు కట్టాల్సిన ఆఖరు రోజు దాటిపోయింది. నాన్న తుని వచ్చి ఒక కొట్లో లెక్కలు రాసే పనిలో చేరారు.

ఆయన దాన్ని పెద్ద కథలా చెప్పలేదు. నాలుగు ముక్కల్లో చెప్పి, "పద, ఎండెక్కుతోంది" అన్నారు. ఉప్పాడ దగ్గర నన్ను అడిగిన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

ఇరవయ్యేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా నాకు ఈ సంగతి తెలియలేదు. ఇంట్లో టీవీ ఉంటుంది, ఫోన్లు ఉంటాయి, మధ్యవర్తిగా అమ్మ ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుంటే మన నాన్నలకి మాట రాదు, మనకీ రాదు. పక్కపక్కనో ముందూ వెనకో కూర్చుని ఒకే వైపు చూస్తుంటే వస్తుంది. పైగా ఆ తోట దగ్గర ఆగితేనే ఆ మాట వచ్చింది. గూగుల్ మ్యాప్‌లో ఇవాళ్టి రోడ్డు ఉంటుంది. పోయిన నేల, పడిపోయిన చెట్లు వాళ్ళకే గుర్తుంటాయి.

అందరి నాన్నలూ ఒకేలా ఉండరని నాకు తెలుసు. నాన్నతో పది నిమిషాలు కూర్చోలేని పరిస్థితి ఉన్నవాళ్ళు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. వాళ్ళకి నేను నీతులు చెప్పను. ఖర్చు మాత్రం సాకు కాదు. మాకు రానూపోనూ ఐదు లీటర్ల పెట్రోలు కూడా పట్టలేదు. బండి లేకపోతే ఆర్టీసీ బస్సులో రెండు సీట్లు చాలు.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఆ రోజు అమ్మ "పండగ పనులున్నాయి, మీరెళ్ళి రండి" అంది. నాన్నని రెండోసారి అడిగినట్టు అమ్మని అడగలేదు. ఈసారి సెలవులు ఆవిడవి.

అన్నట్టు, సప్లీ రాశాను. ఒకటి గట్టెక్కింది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఇంకా ఉంది. సముద్రం చూసొచ్చినంత మాత్రాన ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ రాదు కదా. కానీ దాచుకోవాల్సిన పని లేదు. ఈసారి ఫీజు ఆఖరు రోజుకి వారం ముందే నాన్న ఫోన్ చేసి గుర్తు చేశారు. ఫోన్ అమ్మకి ఇవ్వకుండా ఇంకో పది నిమిషాలు మాట్లాడారు.

సెలవులకి ఇంటికెళ్ళగానే బండి తాళం అడుగుతాం. ఈసారి "వస్తారా?" అని అడిగి చూడండి. మొదటిసారి వద్దంటారు. రెండోసారి అడగండి.