ఏప్రిల్ 31 ఎక్కడ ఉంది?

పిల్లలూ! ఏప్రిల్ 31వ తేదీ ఏ వారమో చెప్పగలరా? "ఏప్రిల్‌కు 30 రోజులేగా!" అని మీరు నవ్వుతారు. పిడికిలి బిగించి, మెటికలమీద నెలలు లెక్కపెట్టడం మీకు తెలుసు. మరి ఇదే ప్రశ్న కంప్యూటర్‌ను అడిగితే?

అది మనం ఏ భాషలో అడిగామో దాన్నిబట్టి ఉంటుంది. 1972 ప్రాంతంలో అమెరికాలో డెన్నిస్ రిచీ అనే ఆయన సి అనే భాషను తయారుచేశాడు. 1989లో ఆ భాషకు నియమాలు స్థిరపరిచినప్పుడు, తేదీలు లెక్కగట్టే "ఎంకేటైమ్" అనే పనిముట్టు కూడా వాటిలో ఉన్నది. దానికి ఏప్రిల్ 31 ఇస్తే తప్పు పట్టదు. ఒక రోజు ఎక్కువైంది గనక మే 1గా మార్చేస్తుంది. ఏప్రిల్ 0 ఇస్తే మార్చి 31 అంటుంది. పదమూడో నెల అంటే మరుసటి ఏడు జనవరి! 1 రూపాయి 130 పైసలను మనం 2 రూపాయల 30 పైసలు చేసుకోమూ? ఇదీ అంతే.

దీనివల్ల లాభం ఉంది. జనవరి 20 తర్వాత 45 రోజులకు ఏ తేదీ? "జనవరి 65" అని ఇస్తే చాలు. 65లో జనవరికి 31 పోగా 34. ఫిబ్రవరికి 28 పోగా 6. అంటే మార్చి 6. లీపు సంవత్సరమైతే మార్చి 5.

కాని ప్రమాదమూ ఉంది. జూన్ 30న పుట్టిన పాపకు దరఖాస్తులో పొరపాటున జూన్ 31 అని రాశారనుకోండి. అది చడీచప్పుడు లేకుండా జులై 1 అయి కూర్చుంటుంది. జూన్ 30 లోపల పుట్టినవారినే బడిలో చేర్చుకుంటామని నియమం ఉంటే, పాపకు ఒక ఏడాది పోయినట్టే!

పైథాన్ అనే భాషలో తేదీ ఇచ్చేటప్పుడు ఇలా జరగదు. "ఈ నెలలో అలాంటి రోజు లేదు" అని చెప్పి పని ఆపేస్తుంది. సి భాషలో రాసే తెలివైనవాళ్లు, ఇచ్చిన తేదీని, వచ్చిన తేదీని పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండూ ఒకటి కాకపోతే, రాసినవారిని మళ్లీ అడుగుతారు. లెక్కను కంప్యూటర్ సర్దవచ్చుగాని, పాప పుట్టినరోజు పాప తల్లినే అడగాలి గదా!

ఇక మీకొక లెక్క. ఫిబ్రవరి 29 అని ఇస్తే, 2027లో, 2028లో, 2100లో ఎంకేటైమ్ ఏ తేదీలు చెబుతుంది? 100తో భాగింపబడే సంవత్సరం 400తోకూడా భాగింపబడితేనే లీపు అని మరిచిపోకండి!